జింకల వేట హక్కుకి డబ్బు కట్టే ముందు ఆ నేల మీద మూడు పొద్దులు గడపండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మార్కాపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు తాతయ్య నల్లమల అడవి కబుర్లు చెప్పేవాడు. ఆ ఇష్టమే నన్ను ఇక్కడ జింకల వేట వైపు లాగిందేమో. ఆఫీసులో ఒక స్నేహితుడి వెంట రెండుసార్లు వెళ్లాను. ఈ వసంతంలో జింకల వేటకి పెట్టే మొదటి పరీక్ష, డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ లెవెల్ 1 పాసయ్యాను. తుపాకీ లైసెన్సుకి పోలీసులకు దరఖాస్తు పెట్టి రెండు నెలలైంది, ఇంకా రాలేదు. రైఫిల్ రేంజిలో పరిచయమైన ఒకాయన దగ్గర 180 ఎకరాల అడవి, పొలం కలిసిన చోటు ఉందట. ఐదుగురి గ్రూపులో ఒక చోటు ఖాళీ ఉందట, ఏడాదికి 1,400 పౌండ్లు. ఫాలో, రో, మంట్‌జాక్ మూడు రకాల జింకలూ బోలెడు అంటున్నాడు. ఈ శుక్రవారం లోపు సగం డబ్బు పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. నా భార్యకి టెన్షన్. ఫోన్‌లో అమ్మ "పాపం రా, నోరులేని జీవాలు" అంటోంది. డబ్బు కట్టమంటారా?
— స్విండన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

తమ్ముడూ, శుక్రవారం లోపు పంపకండి. ఆయన మంచివాడే కావచ్చు, ఆ చోటు నిజంగా బాగుండొచ్చు కూడా. అయినా ఈ వారం మాత్రం వద్దు. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. మీకు లైసెన్సు ఇంకా చేతికి రాలేదు.

లైసెన్సు లేకుండా ఏడాది హక్కు కొనడమంటే బోరు పడకముందే నారు పోయడం. మీరు డబ్బు కట్టిన రోజు నుంచి ఏడాది నడవడం మొదలవుతుంది. పోలీసుల దగ్గర దరఖాస్తు నెలల తరబడి ఆగిపోవడం ఇక్కడ మామూలే. ఈలోగా మగ రో జింక కాలం గడిచిపోతుంది, ఆడ జింకల కాలం వస్తుంది, పోతుంది. మీరు ఇంట్లో పోస్టు కోసం ఎదురు చూస్తూ ఉంటారు.

కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే తికమక పడతారు. 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం రైఫిల్ కావాలంటే "సరైన కారణం" చూపించాలి. దాంతో ఎక్కడో ఒక నేల మన పేరు మీద ఉంటే తప్ప లైసెన్సు రాదేమోనని భయపడతాం. ఆ భయం తెలిసినవాళ్లే చోటు అమ్మడానికి వస్తారు. నిజానికి కారణం చూపడానికి ఏడాది కౌలు ఒక్కటే దారి కాదు. అనుభవమున్న స్టాకర్ (జింకల వేటగాడు) దగ్గర డబ్బు కట్టి వెళ్లే రోజులు బుక్ చేసుకున్నట్టు ఉత్తరం ఉన్నా, నేల యజమాని నుంచి ఆహ్వానం ఉన్నా పోలీసులు దాన్ని పరిశీలిస్తారు. మీ దరఖాస్తులో ఏం కారణం రాశారో ఒకసారి చూసుకుని, అనుమానం ఉంటే మీ జిల్లా పోలీసుల లైసెన్సింగ్ విభాగానికే ఫోన్ చేసి అడగండి. రేంజిలో విన్న మాటల కంటే వాళ్ల మాటే మీకు పనికొస్తుంది.

అప్పటిదాకా వేటకి వెళ్లకుండా ఆగాల్సిన పని కూడా లేదు. చట్టంలో 11ఏ అని ఒక సెక్షన్ ఉంది. లైసెన్సు ఉన్న వ్యక్తి, తనకి హక్కున్న ప్రైవేటు నేల మీద, తాను పక్కనే ఉండి తన రైఫిల్‌ని మీకు వాడుకోవడానికి ఇవ్వొచ్చు. గైడ్‌తో వెళ్లే కొత్తవాళ్లు చాలామంది మొదలుపెట్టేది ఇలాగే. మీరు స్నేహితుడి వెంట వెళ్లినప్పుడు రైఫిల్ ముట్టుకుని ఉంటే, అది ఈ షరతులకి లోబడే జరిగిందో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఊళ్లో ఉండి ఇది చదివేవాళ్ల కోసం ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడడం నేరం. అలా ఉండాల్సిందే. మన అడవిలో దుప్పి మీద ఆధారపడి చిరుత, పెద్దపులి బతుకుతున్నాయి. బ్రిటన్‌లో కథ వేరు. తోడేలు, లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి ఈ దీవి నుంచి ఎప్పుడో మాయమైపోయాయి. జింకని తినే పెద్ద జంతువు మిగల్లేదు. అడవిలో మొలిచిన ప్రతి చిన్న మొక్క చిగురూ జింక నోట్లోకి పోతే కొత్త చెట్టు లేవదు. పైరు నష్టం ఉంది, రోడ్డు ప్రమాదాలున్నాయి. అందుకే ఇక్కడ చట్టమే కాలాలు, తుపాకీ కొలతలు పెట్టి వేటకి అనుమతిస్తుంది. మీ అమ్మగారి మాటకి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. ఆ 1,400 పౌండ్లతో మీరు కొనేది ఏమిటి? జింకలు కాదు. ఇంగ్లండ్‌లో బతికున్న అడవి జింక ఎవరి సొత్తూ కాదు. ఈ రాత్రి ఈ అడవిలో ఉంటుంది, తెల్లారేసరికి పక్క ఊరి చేలో ఉంటుంది. మీరు కొనేది ఆ నేల మీద అడుగుపెట్టి వేటాడే హక్కు. ఆ హక్కు అమ్మే అధికారం ఎవరికుంది అన్నదే మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరకకుండా మిగతావన్నీ అడిగినా లాభం లేదు.

నేను ఈ పాఠం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. పదహారేళ్ల కిందట, హ్యాంప్‌షైర్‌లో కొత్తగా మొదలుపెట్టినప్పుడు, ఒక రైతు దగ్గర ఏడాదికి 900 పౌండ్లకి హక్కు తీసుకున్నాను. ఆయనే రోజూ ట్రాక్టర్ నడుపుతున్నాడు, గేటు తాళం ఆయన దగ్గరే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. చేత్తో రాసిన ఒక చీటీ ఇచ్చాడు. మూడోసారి వెళ్లిన రోజు, ఇంకా మంచు విడవకముందే, అడవి అంచున ఇంకో మనిషి కనిపించాడు. భుజాన రైఫిల్. ఇద్దరం ఒకరినొకరం చూసి బిగుసుకుపోయాం. ఆయన దగ్గర పక్కాగా ఒప్పందం ఉంది. దాని మీద సంతకం చేసింది నేల అసలు యజమాని ఏజెంటు. నాకు హక్కు అమ్మిన రైతు కౌలుదారు. నేల దున్నుకునే హక్కు ఆయనకుంది, వేట హక్కు మాత్రం యజమాని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రైతు మోసగాడు కాదనే ఇప్పటికీ అనుకుంటాను. చేలో కుందేళ్లని కొట్టే హక్కు తనకుంది కదా, జింకలకీ అదే వర్తిస్తుందని నమ్మాడు. 1880 నాటి గ్రౌండ్ గేమ్ చట్టం నేల సాగుచేసే మనిషికి ఇచ్చింది కుందేళ్ల మీద హక్కే. జింకలు అందులో లేవు. నా డబ్బు సగం కూడా వెనక్కి రాలేదు. డబ్బు కంటే ఆ పొద్దున్నే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఒకే అడవిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఇద్దరు రైఫిళ్లు పట్టుకుని తిరిగాం. ఇంకో పది నిమిషాలు మంచు విడవకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చట్టపరంగా కూడా ఇది చిన్న విషయం కాదు. 1991 నాటి డీర్ చట్టం ప్రకారం, యజమాని లేదా ఆ నేల అనుభవదారు అనుమతిగానీ, వేరే చట్టబద్ధమైన అధికారంగానీ లేకుండా జింక కోసం నేల మీద అడుగుపెట్టడమే నేరం. చచ్చిన జింకని అక్కడి నుంచి మోసుకుపోవడం కూడా నేరమే. లైసెన్సున్న మనిషి మీద ఇలాంటి ఫిర్యాదు వస్తే ఆ లైసెన్సుకే ముప్పు.

మన ఊళ్లో ఎవరైనా పొలం కౌలుకి తీసుకుంటే ఏం చేస్తారు? పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందో చూస్తారు. కొనేటట్టయితే ఈసీ తీయిస్తారు. పక్క చేను రైతుని అడుగుతారు. ఇక్కడా సరిగ్గా అదే చేయండి. ఇంగ్లండ్, వేల్స్‌లో ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో కొద్ది పౌండ్లు కడితే ఏ నేలదైనా, అది రిజిస్టరై ఉంటే, యజమాని వివరాల పత్రం వస్తుంది. అందులో యజమాని పేరు చూడడంతో ఆగకండి. నేల అమ్మేటప్పుడు వేట హక్కుల్ని పాత యజమాని తనకే ఉంచుకున్నాడా అన్నది కూడా చూడండి. ఇక్కడ నేల ఒకరిది, దాని మీద వేట హక్కు వేరొకరిది కావడం మామూలే. అలాంటి షరతు సాధారణంగా ఆ పత్రంలోనే కనిపిస్తుంది. అర్థం కాకపోతే ఒక సొలిసిటర్‌కి (లాయరుకి) చూపించండి.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మీకు చోటు ఇస్తానంటున్న ఆయన యజమాని కాదు, గ్రూపు నడిపే మనిషి. అంటే ఆయన కూడా ఎవరి దగ్గరో తీసుకున్నాడు. ఆయన ఒప్పందంలో, ఇతరులని చేర్చుకుని వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చు అని రాసి ఉందా? అది చూపించమని మర్యాదగా అడగండి. నేను ఇలాంటి గ్రూపులో ఎనిమిదేళ్లు ఉన్నాను. నిజాయితీగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, ఫైలు తీసి ముందు పెడతారు. మిగతా నలుగురితో కూడా మాట్లాడండి. ఆయన లేనప్పుడు. ఖాళీ అయిన చోటులో ఇంతకు ముందు ఎవరున్నారో, ఎందుకు వెళ్లిపోయారో కనుక్కోండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు మీకు సగం దారి చూపిస్తుంది.

కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. తర్వాత నేల చూడాలి. ఒకసారి జీపులో తిప్పి చూపిస్తే చూసినట్టు కాదు. మూడు పొద్దులు అడగండి, రైఫిల్ లేకుండా, ఒట్టి దుర్భిణితో. ఒకటి తెల్లవారుజామున, ఒకటి సాయంత్రం, ఇంకొకటి వీలైతే ఆదివారం పగలు. ఆదివారం ఎందుకో చెప్తాను.

తెల్లవారుజామున చూడాల్సింది జింక ఉందా లేదా అని. "మూడు రకాలూ బోలెడు" అన్న మాట ఈ దేశంలో ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. మూడింటి స్వభావాలు వేరు. రో ఇక్కడి సొంత జింక, తన చోటుని కాపాడుకుంటూ ఒకే ప్రాంతంలో ఉంటుంది. ఉందంటే ఏడాదంతా ఆనవాళ్లు దొరుకుతాయి. లేత మొక్కల బెరడు కొమ్ములతో రాపిడి పెట్టిన గుర్తులు, గడ్డి గీకి పడుకున్న చోట్లు, గోళీల్లాంటి నల్లటి పెంటికలు. మంట్‌జాక్ మన నల్లమలలో కుక్కలా మొరిగే జింకకి దాయాది. చైనా నుంచి తెచ్చి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్ ఎస్టేట్‌లో పెంచితే అక్కడి నుంచి బయటపడి దక్షిణ ఇంగ్లండంతా పాకింది. దట్టమైన ముళ్లపొదల్లో ఉంటుంది. అది ఉందని తెలుసుకోవడం తేలిక, కనిపించేది మాత్రం రెండు సెకన్లు. ఫాలో మందలుగా తిరుగుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నవంబర్లో 180 ఎకరాల్లో నలభై ఫాలోలు కనిపిస్తే మనసు ఊగిపోతుంది. పక్క ఎస్టేటులో మొక్కజొన్న కోసేశారనో, అటు నుంచి వేటగాళ్లు తరిమారనో అవి అక్కడికి వచ్చి ఉండొచ్చు. వారం తర్వాత ఒక్కటీ ఉండదు. అందుకే ఫాలో ఉన్న చోట 180 ఎకరాలు పెద్ద నేలేమీ కాదు. చుట్టుపక్కల యజమానులంతా కలిసి జింకల సంఖ్య చూసుకునే డీర్ మేనేజ్‌మెంట్ గ్రూపు ఏదైనా ఉందా, మీ నేల అందులో ఉందా అని అడగండి. గత మూడేళ్లలో అక్కడ ఏ నెలలో, ఏ రకం, ఆడవెన్ని మగవెన్ని కొట్టారో రాసిపెట్టిన పుస్తకం చూపించమనండి. బాధ్యతగా నడిచే ఏ గ్రూపు దగ్గరైనా ఆ లెక్క ఉంటుంది.

ఇక ఆదివారం పగలు చూడాల్సింది మనుషుల్ని. ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ వేసే ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు తీసుకెళ్లండి. జనం నడిచే ఫుట్‌పాత్‌లు, గుర్రాలు వెళ్లే దారులు దాని మీద గీసి ఉంటాయి. కుక్కల్ని తిప్పేవాళ్లు, సైకిళ్ల మీద పిల్లలు ఎటు నుంచి ఎటు పోతున్నారో కళ్లారా చూడండి. రైఫిల్ గుండు తప్పితే మైళ్ల దూరం పోగలదు. అందుకే జింక వెనక మెత్తటి మట్టిగట్టు, వాలు, గుండుని మింగే నేల ఉన్నప్పుడే కాల్చాలి. చదునైన పొలంలో జింక వెనక ఆకాశం కనిపిస్తుంటే, ఎంత దగ్గరున్నా, ఎంత పెద్ద కొమ్ములున్నా అది కాల్చే సందర్భం కాదు. వ్యవసాయ భూమి చదునుగా ఉండే చోట మంచె మీద నుంచి కిందికి కాల్చడం ఇందుకే. ఆ 180 ఎకరాల్లో మంచెలు ఎన్ని ఉన్నాయి, వాటి చెక్కలు, బోల్టులు ఎవరు, ఎప్పుడు సరిచూశారు? కుళ్లిన నిచ్చెన మీద నుంచి రైఫిల్‌తో సహా పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫుట్‌పాత్‌లు, ఇళ్లు, రోడ్డు, చదును నేల తీసేస్తే నిజంగా కాల్చగలిగే చోటు ఎంత మిగులుతుందో మ్యాపు మీద పెన్సిల్‌తో గీయండి. నేను ఒకసారి ఇలా గీస్తే 250 ఎకరాల్లో అరవై కూడా మిగల్లేదు. డబ్బు అడిగింది మాత్రం 250కి.

ఐదుగురి గ్రూపులో ఇంకో ప్రమాదం, హ్యాంప్‌షైర్‌లో ఆ పొద్దున నాకు జరిగిందే. ఒకే రోజు ఇద్దరు వెళితే ఎవరు ఏ భాగంలో ఉంటారో ముందే ఎలా తేలుస్తారు? వాట్సాప్‌లో "నేను వెళ్తున్నా" అని పెడితే సరిపోదు. నేలని భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక రైఫిల్ మాత్రమే ఉండేలా బుకింగ్ పద్ధతి ఉండాలి. వెళ్లినట్టు, బయటికి వచ్చినట్టు తెలియాలి. ఇది లేని గ్రూపులో ఉచితంగా ఇచ్చినా చేరకండి.

వేట కాలాలు మీరు పరీక్షకి చదివే ఉంటారు. వాటిని ఒప్పందం పక్కన పెట్టి ఇప్పుడు మళ్లీ చూడండి. ఇంగ్లండ్‌లో మగ రో ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు, మగ ఫాలో ఆగస్టు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు. ఆడ రో, ఆడ ఫాలో నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు. మంట్‌జాక్ ఏడాది పొడవునా ఈనుతుంది కాబట్టి దానికి మూసిన కాలమే, అంటే వేట నిషేధించిన కాలమే, లేదు. ఇప్పుడు అడగండి, 1,400 పౌండ్లకి మీకు వీటిలో ఏవి వస్తాయి? కొన్ని గ్రూపుల్లో మంచి కొమ్ములున్న మగవాటిని నడిపే మనిషి తనకో, రోజుకింత అని డబ్బు కట్టే అతిథులకో ఉంచుకుంటాడు. చలికాలంలో ఆడవాటిని కొట్టే పని మిగతావాళ్లది. ఆ పని నాకు ఇష్టం, అది చాలా ముఖ్యమైన పని కూడా. జింకల సంఖ్య తగ్గేది ఆడవాటిని తగ్గించినప్పుడే. నేల యజమానికి కావలసింది కూడా అదే. కొమ్ముల కోసమే వచ్చి నవంబర్ నుంచి మొహం చాటేసేవాళ్లని యజమానులు రెండో ఏడు ఉంచుకోరు. కాబట్టి డిసెంబర్ చలిలో, చేతులు కొంకర్లు పోతుంటే మంచె మీద రెండు గంటలు కూర్చోగలరా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి.

మీ అమ్మగారి మాట ఇక్కడికే వస్తుంది. ఆమె మాటని తీసిపారేయకండి. ఆ భయం మనసులో ఉన్నవాళ్లే మంచి వేటగాళ్లవుతారని నా నమ్మకం. తల్లి చనిపోతే పాలు తాగే పిల్ల ఆకలితో చస్తుంది. ఆడవాటికి మూసిన కాలం పెట్టింది ఇందుకే. తల్లీ పిల్లా కలిసి కనిపిస్తే ముందు పిల్లని, తర్వాత తల్లిని కొట్టమని నేర్పుతారు. వినడానికి కఠినంగా ఉంటుంది, అయినా అది జాలితో పెట్టిన పద్ధతే. మంట్‌జాక్‌కి మూసిన కాలం లేదు కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా మన మీదే పడుతుంది. కడుపుతో బాగా నిండుగా ఉన్న ఆడదాన్నిగానీ, ఇంకా ఈడు రాని దాన్నిగానీ ఎంచుకోమంటారు. అలాగైతే పొదలో దాక్కున్న పాలపిల్ల అనాథ కాదు. ఆ గ్రూపులోని నలుగురితో మాట్లాడినప్పుడు ఈ సంగతి ఎత్తి చూడండి. వాళ్లు చెప్పే తీరుని బట్టి వాళ్లతో కలిసి నడవాలో లేదో మీకే తెలిసిపోతుంది.

గుండు తగిలాక ఏం జరుగుతుందన్నది డబ్బు కట్టేటప్పుడు ఎవరూ ఆలోచించరు. మంట్‌జాక్‌ని ఒక్క మనిషి మోసుకురాగలడు. పెద్ద మగ ఫాలో అడవి మధ్యలో పడితే ఒంటరిగా లాక్కురావడం నడుము విరిగే పని. ట్రాక్ మీదికి కారు రావచ్చా? చలిగది ఉందా? లేకపోతే సెప్టెంబర్ వెచ్చదనంలో మాంసం ఎక్కడ ఉంచుతారు? పేగులు తీసి ఎక్కడ పారేయాలి? గ్రూపులో మాంసం కొట్టినవాళ్లదా, అందరూ పంచుకుంటారా, లేక యజమానిదా? గేమ్ డీలర్‌కి, అంటే వేట మాంసం కొనే వ్యాపారికి, అమ్మాలంటే పేగులు, గ్రంథులు పరీక్షించి, ట్యాగ్ మీద వివరాలు రాసి సంతకం చేసే శిక్షణ పొందిన వేటగాడు కావాలి. మీ లెవెల్ 1 అందుకు పనికొస్తుంది. అమ్మి కౌలు డబ్బు రాబట్టుకుందాం అనుకుంటే మాత్రం ఆ లెక్క మర్చిపోండి. ఇక్కడ జింక మాంసానికి డీలరిచ్చే ధర పెట్రోలు ఖర్చుకే సరిపోదు. చాలామంది డీలర్లు సీసం లేని గుండుతో కొట్టిందే కావాలంటున్నారు. సీసం గుళ్ల మీద ఆంక్షలు తెస్తామని ప్రభుత్వం కూడా 2025 జూలైలో ప్రకటించింది. రైఫిల్ కొనేటప్పుడే రాగి గుండుతో అది సరిగ్గా కాలుస్తుందో లేదో చూసుకోండి.

గాయపడిన జింక సరిహద్దు దాటితే? ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. పక్క నేలలోకి రైఫిల్ పట్టుకుని వెంటపడే హక్కు మీకు లేదు. పక్క యజమానితో ముందే మాట ఉండాలి, ఫోన్ నంబరు ఉండాలి. వాసన పట్టి వెతికే కుక్క ఎవరి దగ్గరుందో తెలిసుండాలి. జింక ఎక్కడో బాధపడుతూ ఉంటే మనం కంచె దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తే, ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇప్పుడు డబ్బు లెక్క. మీకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది. ఏడాదిలో నిజంగా ఎన్ని పూటలు వెళ్లగలరు? జూన్‌లో 5 గంటలకి ముందే పొద్దు పొడుస్తుంది, అంటే రెండున్నరకే లేవాలి. ఇరవై పూటలు వెళ్తే పూటకి 70 పౌండ్లు. ఏడు పూటలే కుదిరితే పూటకి 200. గైడ్‌తో వెళ్లే పూటకి 70 కంటే ఎక్కువే అడగొచ్చు, కానీ అందులో ఆయన అనుభవం, రైఫిల్, చలిగది, భద్రత అన్నీ కలిసి ఉంటాయి. మొదటి ఏడాది మీకు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది పక్కన నిలబడి "ఆగు, ఇది వద్దు" అని చెప్పే మనిషి. ఆ 1,400లో సగంతో మంచి స్టాకర్ దగ్గర నాలుగైదు పూటలు బుక్ చేసుకోండి. మిగతా సగం ఉంచుకోండి. బ్రిటిష్ డీర్ సొసైటీలోనో, బీఏఎస్‌సీ అనే ఇక్కడి వేటగాళ్ల సంఘంలోనో సభ్యత్వం తీసుకోండి. సభ్యత్వంతో పాటు మూడో వ్యక్తికి నష్టం జరిగితే కవర్ చేసే బీమా వస్తుంది. ఏ యజమాని అయినా ముందు అడిగేది దాని గురించే.

డబ్బు కట్టకుండా దొరికే చోట్లు కూడా ఉంటాయి. కంట్రీసైడ్ స్టీవర్డ్‌షిప్ పథకం కింద అడవిలో జింకల నియంత్రణకి యజమానులకు ప్రభుత్వం నుంచి సాయం అందుతుంది. అలాంటివాళ్లకి క్రమం తప్పకుండా వచ్చి, ఆడవాటిని కొట్టి, లెక్క రాసి ఇచ్చే నమ్మకమైన మనిషి కావాలి. ఒక ఏడాది గైడ్ దగ్గర బాగా పనిచేస్తే ఆయనే మీ పేరు చెప్తాడు. నాకు ఇప్పుడున్న నేల అలాగే దొరికింది, ఆరేళ్లుగా ఒక్క పౌండు కట్టలేదు. కంచె పడిపోతే నిలబెట్టడానికి వెళ్తాను, క్రిస్మస్‌కి మాంసం ఇస్తాను.

కొమ్ములున్న మగ జింకే కావాలని మనసు లాగుతుంటే స్కాట్లండ్‌కి ఒకసారి వెళ్లి రండి. హైలాండ్స్‌లో ఎస్టేటు స్టాకర్ దగ్గరుండి కొండెక్కిస్తాడు, రైఫిల్ ఎస్టేటుదే, రోజుకో జింకకో ఇంత అని కట్టేస్తే అయిపోతుంది. అక్కడి చట్టం వేరు. 2023 అక్టోబర్ నుంచి మగ జింకలకి మూసిన కాలాన్నే తీసేశారు.

ఇన్నీ చూసుకున్నాక, లైసెన్సు కూడా వచ్చాక, ఆ చోటే నచ్చితే కట్టండి. అప్పుడు కాగితం మీద ఇవి ఉండాలి. హక్కుదారు పేరు, సంతకం. సరిహద్దు గీసిన మ్యాపు. ఏ రకాలు, ఆడ మగ, ఎన్ని. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. నేల అమ్ముడైతే, ఆయన ఒప్పందం రద్దయితే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తారా లేదా. ఆ కాగితం కాపీ జేబులో పెట్టుకునే అడవిలోకి వెళ్లండి. డబ్బు నగదుగా ఇవ్వకండి, రసీదు లేకుండా అసలే ఇవ్వకండి.

ఒక చిన్న జాగ్రత్త. మొదటి జింక కొమ్ముల్ని ఊళ్లో తాతయ్య ఫొటో పక్కన పెట్టాలని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వాటిని సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ విమానం ఎక్కకండి. అవి ఇంగ్లండ్ జింకవని శంషాబాద్‌లో రుజువు చేసుకోవడం మీ తరం కాదు.

మీ ఆవిడకి ఈ జవాబు చూపించండి. రైఫిల్ ఇంట్లోకి వస్తే గోడకి బిగించిన ఉక్కు బీరువా, తాళం ఎక్కడుందో మీకు తప్ప ఎవరికీ తెలియకపోవడం, పోలీసులు ఇంటికొచ్చి చూసి వెళ్లడం, ఇవన్నీ ఆమెకి ముందే తెలియాలి. ఆమె ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది ఆగండి. జింకలు ఎక్కడికీ పోవు.

ఇక ఆ పెద్దమనిషికి ఈ రోజే మెసేజ్ పెట్టండి. "నాకు ఆసక్తి ఉంది. యజమానితో మీ ఒప్పందం, గత మూడేళ్ల లెక్క ఒకసారి చూడొచ్చా? మూడు పూటలు రైఫిల్ లేకుండా వచ్చి నేల చూస్తాను. లైసెన్సు వచ్చాక డబ్బు కడతాను" అని. ఆయన ఏమన్నాడో నాకు రాయండి.